పిడికిలి పందెం

కిందటి వారం మిమ్మల్ని మా తాలీంలో గోదా గట్టు మీద కూర్చోబెట్టి వదిలేశాను. అప్పుడు రానివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, కాస్త జరిగి చోటివ్వండి.

కొల్హాపూర్‌లో మా ఇంటి వెనక పెరట్లోనే మా అన్న హిందూరావ్ శేళకే కుస్తీలు నేర్పే తాలీం ఉంది. వయసులో ఉన్నప్పుడు కుస్తీలు గెలిచి రెండు వెండి గదలు తెచ్చాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆయన చేసిన పనల్లా ఆ రెండు గదల గురించి మాట్లాడటమే. ఊరు ఆయన్ని వస్తాద్ అంటుంది. నేను ఆయన చెల్లెల్ని, ఇందుమతిని. మొగుడు పోయాక ఈ ఇంటికి తిరిగొచ్చాను. వదిన కూడా పోయాక ఇంటి పెత్తనం నా మీద పడింది. పహిల్వాన్లకి రొట్టెలు కాల్చి కాల్చి వాళ్ల గొప్పతనం మీద నాకున్న భ్రమలన్నీ ఆ పెనం మీదే మాడిపోయాయి.

అన్న మనవడు మల్హార్‌కి ఎనిమిదో నెల. ఆ బిడ్డ ఎడమ పిడికిలి, బొటనవేలు లోపలికి మడిచి, ఎప్పుడూ మూసే ఉంటుంది. మామూలు ఇంట్లో అయితే ఎవరో ఒకరు ఇదేంటని అడిగేవాళ్లు. మాది మామూలు ఇల్లు కాదు కదా! "పుట్టుకతోనే పట్టు తెచ్చుకున్నాడు నా పులి" అని మా అన్న తీర్పిచ్చాడు. ఇక చూడండి, ఇంటికొచ్చిన ప్రతివాడికీ చాయ్‌తో పాటు ఆ పిడికిలి. లాగి చూడు, విప్పి చూడు అంటాడు. వచ్చినవాడు నాలుగుసార్లు లాగినట్టు నటించి, చెయ్యి విదిలించుకుని, "అబ్బో వస్తాద్, ఇనుము!" అంటాడు. మా అన్న మీసం మెలేస్తాడు. ఈ వేడుక చాలదన్నట్టు శనివారం పందెం పెట్టాడు. బిడ్డని ఏడిపించకుండా ఆ పిడికిలి విప్పినవాడికి తన తలమీది కాషాయం పాగా ఇస్తానన్నాడు.

నాకు వైద్యం తెలియదు. బిడ్డకి నీళ్లు పోసేది మాత్రం నేనే. ఎడమ చెయ్యి పైకెత్తబోతే అది బిగుసుకుని ఒంటికి అతుక్కుపోతుంది. చొక్కా తొడగాలంటే నేనూ, వాడి తల్లి ప్రణాళీ ఇద్దరం పట్టాలి. ఈ సంగతి అన్నకి చెబితే, "అదేనే బలం!" అన్నాడు. అందుకే పందేనికి నేనూ ఒక మనిషిని పిలిచాను. అన్న పాత శిష్యుడి కొడుకు, పిల్లల డాక్టర్ అస్లం ముజావర్. అతను చెప్పులు విప్పి గోదా గట్టు ఎక్కుతుండగా కిందటి వారం ఆపాను.

ఆడవాళ్లం మేమిద్దరం వసారాలోనే ఉన్నాం. గోదా మట్టి మీద ఆడది కాలు పెట్టకూడదని మా తాతల నాటి కట్టుబాటు. మజ్జిగ, నూనె, పసుపు, నిమ్మరసం పోసి ఆ మట్టిని మెత్తగా పెంచుతారు. ఆ మజ్జిగ చిలికేది నేను, నిమ్మకాయలు పిండేది ప్రణాళీ. అప్పుడు పడని మైల మా కాలు తగిలితే మాత్రం పడుతుందట.

"ఏరా ముజావర్!" అన్నాడు అన్న, మనవణ్ని ఒళ్లో సర్దుకుంటూ. "మూణ్నెల్లు నా గోదాలో నిలబడలేక పుస్తకాల్లో దూరినోడివి. నువ్వా నా మనవడి పట్టు విడిపించేది?"

గట్టు మీద పహిల్వాన్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది పోపట్. ఇతని గురించి రెండు ముక్కలు. మెళ్లో ఈల వేసుకుని కుస్తీలకి తీర్పరిగా తిరుగుతాడు. అసలు పని మా అన్నకి వంత పాడటం. అన్న తుమ్మితే అందులోనూ ఒక పట్టు కనిపెట్టగలడు.

"వస్తాద్, జాగ్రత్త! పట్టు దొరక్కపోతే సూది పొడుస్తాడు!" అన్నాడు పోపట్.

"నిలబడలేకపోయిన మాట నిజమే వస్తాద్," అన్నాడు అస్లం. "మీరు నలిపిన చెవి ఇదిగో, ఇప్పటికీ ముద్దలాగే ఉంది. పిల్లాణ్ని ఇలా ఇవ్వండి."

పందెం అన్నారు కాబట్టి ఇవ్వక తప్పలేదు. అస్లం పిడికిలి జోలికి పోలేదు. గట్టు మీద బొంత పరిపించి, దాని మీద బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన చతికిలబడి ఊరికే చూస్తూ కూర్చున్నాడు. మల్హార్ నవ్వుతూ కాళ్లాడించాడు. కాళ్లు అన్నాను గానీ ఆడింది కుడికాలే. ఎడమకాలు మోకాలు వంగకుండా, వేళ్లు కిందికి చూస్తూ, కర్రలా చాపి ఉంది.

"ఏంట్రా, ముహూర్తం కోసం చూస్తున్నావా?" అన్నాడు అన్న.

అస్లం బిడ్డ ఎడమ చేతిని తన అరచేతిలోకి తీసుకున్నాడు. వేళ్లని లాగలేదు. మణికట్టుని మెల్లగా లోపలికి వంచి, చేతి వెనకభాగాన్ని బొటనవేలితో నిమిరాడు. నిమురుతూనే ఏదో పాట గొణిగాడు. వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. పిడికిలి విప్పుకుంది. బిడ్డ ఏడవలేదు సరిగదా, అతని ముద్ద చెవిని చూసి కిలకిలమన్నాడు.

ఆ అరచెయ్యి ఎలా ఉంటుందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఎర్రగా చెమ్మపట్టి, పుల్లటి వాసన, మడతల్లో నూగు, బొటనవేలి గోరు గుచ్చుకున్న చోట చిన్న గాటు. తల్లి రోజూ తడిగుడ్డ కొనతో తుడుస్తుంది, ఆ తుడవడానికే బిడ్డకీ ఆమెకీ ఒక కుస్తీ అవుతుంది. ఇనుమంటే ఇనుమన్న మహానుభావులెవరూ లోపలేముందో చూసిన పాపాన పోలేదు.

అంత మందీ ఒక్కసారి ఆ చేతి మీదికి వంగారు. వంగి ఏం చేశారంటారా? వాదన పెట్టుకున్నారు.

"చెల్లదు! మణికట్టు వంచాడు, చెల్లదు!" అని పోపట్ ఈల ఊదాడు.

"మణికట్టు పట్టడం తప్పేమీ కాదే," అన్నాడొకడు.

"పట్టొచ్చు, వంచకూడదు."

"ఎందుకు వంచకూడదు? సాంగ్లీ కుస్తీల్లో వంచలేదా?"

ఎద్దుల్లాంటి మనుషులు, గుప్పెడంత చేతికి నియమాలు వెతుక్కుంటున్నారు. వీళ్లు పూటకి తినే రొట్టెలన్నీ ఎక్కడికి పోతాయో నాకు ఆ రోజు తెలిసింది. తలకి మాత్రం పోవు.

అన్న తల మీది పాగా తీసి అస్లం ఒళ్లోకి విసిరాడు. "గెలిచావు. తీసుకెళ్లు. చాయ్ తాగి వెళ్లు."

"పాగా తర్వాత వస్తాద్. ఇటు చూడండి," అని అస్లం తన చెయ్యి తీసేశాడు. బిడ్డ బొటనవేలు ముందు లోపలికి పోయింది. దాని మీద మిగతా వేళ్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. "పట్టంటే మీరే నేర్పారు, పట్టుకోవాలి, వదలాలి. వీడు పట్టుకోవడం లేదు వస్తాద్. వదల్లేకపోతున్నాడు."

తర్వాత పోపట్ మెళ్లోంచి ఈల అడిగి తీసుకున్నాడు. బిడ్డని పైకి లేపి తన ఒళ్లో ఆనించి కూర్చోబెట్టాడు. కూర్చోబెడితే మల్హార్ ఎప్పుడూ ఎడమకి ఒరుగుతాడు, వెనక చెయ్యి ఆసరా ఉండాలి. ఎడమ భుజం పక్కన ఈలని ఊపాడు. మెరిసే వస్తువు కదా, వాడి కళ్లు వెలిగాయి. కుడి చెయ్యి ఛాతీ మీదుగా అటు అడ్డంగా పోయి ఈలని అందుకుంది. ఎడమ చెయ్యి పక్కనే ఉండి కూడా కదల్లేదు. అస్లం ఈల వెనక్కి తీసుకుని, ఈసారి కుడి చేతిని మెత్తగా పట్టి ఉంచి, మళ్లీ ఎడమ పక్కనే ఊపాడు. బిడ్డ ఒళ్లంతా మెలికలు తిరిగాడు. ఎడమ మోచెయ్యి ఇంకా ముడుచుకుంది, పిడికిలి ఇంకా బిగిసింది. కావాలి, అందదు. చివరికి పెదవి విరిచి ఏడ్చాడు.

వసారాలో పక్కనున్న ప్రణాళీ నా చీర చెంగు పట్టుకుంది.

"కుడిచేతి వాటం!" అన్నాడు అన్న. గొంతు పెద్దదే గానీ కాస్త తొందరపడింది. "మా వంశంలో అందరం కుడిచేతి వాళ్లమే. వీడికి ముందే వచ్చింది, అంతే."

"ఏడాది దాటేదాకా పిల్లలకి వాటం రాదు వస్తాద్. ఏ చెయ్యి దగ్గరుంటే ఆ చెయ్యి చాస్తారు. ఈ వయసులోనే ఒక చెయ్యి వదిలేశాడంటే, కుడిచెయ్యి గట్టిదని సంబరపడకూడదు. ఎడమ చేతికి ఏమైందని చూడాలి."

"ఏమైంది?"

"చేతికి ఏమీ కాలేదు. కాలికీ కాలేదు. తలలో అయ్యుంటుంది. ఎడమవైపు ఒంటిని కుడివైపు మెదడు నడిపిస్తుంది. అక్కడ దెబ్బ తగిలితే ఇక్కడ ఇలా బిగుసుకుంటుంది. సెరిబ్రల్ పాల్సీ అంటాం, ఒకవైపే వచ్చేది. స్కాన్ తీయించకుండా ఖాయం చెయ్యను. కానీ పిడికిలి, కాలు, ఒరగడం అన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి."

"దెబ్బా? నా మనవణ్ని ఎవడు కొట్టాడు?"

చూశారా, మా అన్నకి దెబ్బంటే ఒకటే అర్థం. అస్లం ఓపిక గలవాడు, పిల్లలకి చెప్పే అలవాటున్నవాడు కాబట్టి అదే గొంతుతో చెప్పాడు.

"ఎవరూ కొట్టలేదు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొన్నాళ్లకో తలలో ఒక రక్తనాళానికి గడ్డ అడ్డం పడి ఉండొచ్చు. నెత్తురు కారి ఉండొచ్చు. కడుపులో ఉండగానే ఆ భాగం సరిగ్గా తయారవకపోయి ఉండొచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో చూస్తాం, తల్లికో బిడ్డకో జబ్బు సోకినప్పుడు చూస్తాం. ఏ కారణమూ దొరకని పిల్లలూ బోలెడు మంది."

"పక్షవాతం ముసలోళ్లకొస్తుంది గానీ పాలు తాగే పిల్లాడికొస్తుందట్రా?"

"వస్తుంది వస్తాద్. కడుపులో ఉన్న బిడ్డకీ వస్తుంది."

పోపట్‌కి అంతసేపు నోరు మూసుకోవడం అలవాటు లేదు. వసారా వైపు చెయ్యి చూపించాడు. "నేనప్పుడే అన్నాను వస్తాద్. గ్రహణం నాడు మీ కోడలు నిమ్మకాయలు కోసింది. కత్తి పట్టకూడదని తెలీదా?"

కోయించింది వాళ్లే. ఆ వేళ గోదాలో మట్టి ఎండిపోతోందని తొందరపెట్టిన గొంతు కూడా నాకు గుర్తుంది, అది ఈ ఈలగాడిదే.

అన్నకి మాత్రం ఆ మాటతో దారి దొరికింది. మొహం మళ్లీ వెలిగింది. "నా ఇంట్లో పుట్టిన బిడ్డ కాదు కదా! గడ్‌హింగ్లజ్‌లో, పుట్టింట్లో పుట్టాడు. నేను కోడలి కడుపులో మంచి బిడ్డని పంపితే, వాళ్లు ఎక్కడో చిన్న ఆసుపత్రిలో పడేసి, తల పట్టి లాగించి, పాడు చేసి పంపారు. కోడలమ్మా, మీ నాన్నకి ఫోన్ చెయ్యి. వచ్చి జవాబు చెప్పమను."

ఇక నా వల్ల కాలేదు.

"సిగ్గుందా అన్నా నీకు? పొద్దున్న ఆ పిడికిలి మన తాతది అన్నావు. మధ్యాహ్నం నీదన్నావు. దానికి జబ్బని తెలియగానే గడ్‌హింగ్లజ్ వాళ్లదైపోయిందా?"

"మగాళ్లు మాట్లాడుకుంటుంటే నీకేంటే ఇందూ! లోపలికి పో!"

"పోతాను. రాత్రికి రొట్టెలు కూడా మీ మగాళ్లే కాల్చుకోండి."

గట్టు మీద ఇద్దరు ముగ్గురు కంగారుగా చూశారు. బిడ్డకి పక్షవాతమంటే అంత కంగారు రాలేదు, రొట్టెల మాట దగ్గర వచ్చింది.

అస్లం వసారా మెట్ల దాకా వచ్చాడు, మల్హార్‌ని భుజాన వేసుకుని. "ప్రణాళీ వహినీ," అన్నాడు, మా వైపు వదినని అలాగే పిలుస్తారు. "ఒక్కటి అడుగుతాను. తప్పు మీదని కాదు, గ్రహణం, నిమ్మకాయలు అవన్నీ పిచ్చి మాటలు. పుట్టిన మొదటి రోజుల్లో ఈ చెయ్యి గానీ కాలు గానీ ఒకటే కొట్టుకోవడం చూశారా? లయగా, ఆపినా ఆగకుండా?"

ప్రణాళీ పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. ఈ ఇంటికొచ్చి మూడేళ్లు, ఆమె గొంతు తాలీం దాకా వెళ్లడం నేను వినలేదు. ఆ రోజు వెళ్లింది.

"రెండో రోజు. ఎడమ చెయ్యి టకటకా కొట్టుకుంది. నేను పట్టుకున్నా ఆగలేదు. మళ్లీ సాయంత్రం. నర్సుకి చెప్తే చలికి అంది. ఈయనకి ఫోన్ చేసి చెప్పాను."

"ఈయన" గట్టు చివర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మా సంగ్రామ్, అన్న ఒక్కగానొక్క కొడుకు. లంగోటీ కట్టి, ఒంటినిండా నూనె రాసుకుని, మెడ ఎక్కడ ఆగి తల ఎక్కడ మొదలైందో తెలియకుండా పెరిగినవాడు. పొద్దుట్నుంచీ ఇంత జరుగుతుంటే ఒక్క మాట అనలేదు. బరిలో నూరు కిలోల మనిషిని ఎత్తి కుదేస్తాడు. తండ్రి ఎదుట నోట్లో నాలుక ఉండదు.

"ఏం చెప్పారో చెప్పండి," అంది ప్రణాళీ.

"ఇప్పుడెందుకు..."

"చెప్పండి. నేను ఫోన్లో ఏడుస్తుంటే ఏం చెప్పారు?"

సంగ్రామ్ తండ్రి వంక చూశాడు. తండ్రి అతని వంక చూడలేదు.

"ఆబాకి చెప్పొద్దన్నాను," అన్నాడు. తండ్రిని వాడు ఆబా అంటాడు.

"తర్వాత? మూడో నెలలో నేను మళ్లీ చెప్తే?"

"కుస్తీ గురించి నీకేం తెలుసన్నాను."

"మీకు తెలుసు కదా మరి. అందరికీ చెప్పండి."

అప్పుడు చెప్పాడు. నేల చూసుకుంటూ, ముక్కులో మాట్లాడాడు గానీ అందరికీ వినపడింది. "చిన్నప్పట్నుంచి చేతులు పట్టుకోవడమే నా పని. బలంతో పట్టిన చెయ్యి ఎలా ఉంటుందో, వదల్లేని చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలీదా? వాణ్ని మొదటిసారి ఎత్తుకున్నప్పుడే వేలు పెట్టి చూశాను. అది పట్టు కాదు. అప్పటికే ఆబా ఊరంతా చెప్పేశారు. పెద్ద మైదానంలో మైకులో కూడా చెప్పించారు. ఇక నేనెలా..."

అన్న మూర్ఖుడు. మూర్ఖుణ్ని అసహ్యించుకోవడం తేలిక, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. వీడు మూర్ఖుడు కాదు. తెలిసీ, బిడ్డ చేతిని మైకులో మాటకి తాకట్టు పెట్టినవాడు. ఇన్ని నెలలూ వచ్చినవాడల్లా కొడుకు వేళ్లు లాగుతుంటే ఈ స్తంభానికే ఆనుకుని చూశాడు. వాడికి నేను పాలు పోసి పెంచాను. ఆ క్షణంలో నాకు వాడి మొహం చూడబుద్ధి కాలేదు.

ప్రణాళీ ఏడవలేదు. "డాక్టర్ గారూ, ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"సోమవారం స్కాన్ తీయిద్దాం. మర్నాటి నుంచే వ్యాయామం మొదలెడదాం. ఇది పూర్తిగా పోయేది కాదు వహినీ, అబద్ధం చెప్పను. ముదిరేదీ కాదు. ఇలాంటి పిల్లలు ఇంచుమించు అందరూ నడుస్తారు. ఆ చెయ్యి కుడిచేతికి తోడుగా పనికొచ్చేలా చేసుకోవచ్చు. కానీ ఈ ఒకటి రెండేళ్లే మంచి అదను. ఇప్పుడైతే మెదడు దెబ్బతిన్న చోటు పక్కనుంచి కొత్త దారులు వేసుకుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కండ పొట్టిదైపోతుంది, కీలు బిగుస్తుంది, అసలు ఆ చెయ్యి ఉందన్న సంగతే వాడు మర్చిపోతాడు."

"సోమవారం వస్తాం," అంది ప్రణాళీ.

"ఎవరొస్తారు?" అన్నాడు అన్న.

లేచి నిలబడ్డాడు. పాగా లేని తల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేచాయి. "శేళకే వస్తాద్ మనవడు అవిటివాళ్ల వరసలో చీటీ పట్టుకుని కూర్చుంటాడా? ఊరు నవ్వదూ? ఇంతమంది పహిల్వాన్లని నిలబెట్టిన మట్టి ఇది. ఎంత బిగుసుకున్న కండనైనా ఇదే సడలిస్తుంది. మా నాన్న నన్ను పాకే వయసులో ఇందులో దించాడు. ఇలా తే!"

అస్లం ఒక అడుగు వెనక్కి వేశాడు. అన్న అంతకంటే తొందరగా అతని భుజం మీంచి బిడ్డని లాక్కున్నాడు. గోదాలోకి దిగి, నడిమధ్య మల్హార్‌ని కూర్చోబెట్టి, రెండు చేతులూ వదిలేశాడు.

"చూడండ్రా! చూసి చెప్పండి ఎవడు అవిటివాడో!"

బిడ్డ ఒక్క క్షణం కూర్చున్నాడు. ఎర్రమట్టి కొత్తగా కనిపించిందేమో, కుడిచేత్తో తడిమాడు. తర్వాత ఎప్పటిలాగే ఎడమకి ఒరిగాడు. ఆసరాగా వెనక ఎవరి చెయ్యీ లేదు. ఏ బిడ్డయినా పడబోతే చెయ్యి ముందుకు చాపుతాడు. మల్హార్ ఎడమ చెయ్యి ఛాతీకి అతుక్కుని ఉండిపోయింది. మొహం తిన్నగా మట్టిలో పడింది.

పడినప్పుడు చెయ్యి ఎలా ఆనించాలో, ఈ గోదాలోకి వచ్చిన ప్రతివాడికీ మా అన్న మొట్టమొదట నేర్పేది అదే. ఆ చెయ్యి రాలేదని ఆయన చూశాడు. నేను ఆయన కళ్లనే చూస్తున్నాను, చూశాడు. బిడ్డ గుక్కపట్టాడు. నోట్లో, ముక్కులో మట్టి. అయినా మా అన్న వంగలేదు. వంగితే ఒప్పుకున్నట్టవుతుందని అలా గుడ్లప్పగించి నిలబడ్డాడు. అస్లం గట్టు మీంచి దూకబోతే ఇద్దరు అడ్డం వచ్చారు, వస్తాద్ దిగిన గోదాలోకి పిలవనిదే మరొకడు దిగకూడదట!

నా చీర చెంగు విడిచిపెట్టి ప్రణాళీ ఎప్పుడు మెట్లు దిగిందో నాకు తెలియలేదు. గట్టు ఎక్కింది. పైట నడుముకి దోపింది. గోదాలోకి దూకింది.

అప్పుడు అందరూ ఒక్కసారిగా అరిచారు. బిడ్డ మొహం మట్టిలో పడితే ఒక్కడి గొంతు లేవలేదు. కోడలి పాదం మట్టి మీద పడగానే తాలీం పైకప్పు అదిరింది. ఈ మగాళ్ల గురించి నాకు ఇంకేమీ తెలుసుకోవలసిన అవసరం లేదు.

"గోదా మైలపడింది వస్తాద్! మైలపడింది!" అని పోపట్ తల పట్టుకున్నాడు.

ప్రణాళీ బిడ్డని ఎత్తి, వేలితో నోట్లో మట్టి తీసింది. చెంగుతో ముక్కు తుడిచింది. ఊపిరి అందాక మల్హార్ బిగ్గరగా ఏడ్చాడు.

"కాలు తియ్యి," అన్నాడు అన్న. కూర్చోవడానికి ఒక చోటు దొరికినట్టు, ఆ కోపంలో కుదురుకున్నాడు. మనవడి చేతి వంక ఇక చూడనక్కర్లేదు, కోడలి కాళ్లు దొరికాయి. "కాలు తీసి అటునుంచి అటే మీ నాన్నింటికి పో. ఈ గోదాలో నిలబడ్డ ఆడది నా గడపలో నిలబడదు. నా మనవణ్ని అక్కడ పెట్టి పో."

"పెట్టను," అంది ప్రణాళీ. "మీరు ఇందాక పెట్టారు కదా మామయ్యా. చూశాం."

"సంగ్రామ్! మీ ఆవిడని బయటికి లాగరా!"

సంగ్రామ్ స్తంభం వదిలి గట్టు అంచుదాకా వచ్చాడు. ప్రణాళీకి ఎదురుగా ఆగాడు. చెయ్యి చాపాడు, బిడ్డ కోసమో, భార్యని లాగడానికో వాడికే తెలియదనుకుంటాను.

ప్రణాళీ మల్హార్‌ని ఎడమ చంకకి మార్చుకుంది. వంగింది. పిడికెడు ఎర్రమట్టి తీసి సంగ్రామ్ ఛాతీ మీద కొట్టింది.

గోదాలో నిలబడినవాళ్లు ఎవరి మీద మట్టి చల్లితే వాడే జోడీ, అంటే కుస్తీలో ఎదురు నిలవాల్సినవాడు. వాడు గోదాలోకి దిగాలి. ఆ మట్టిని దులుపుకుంటే పట్టు పట్టకముందే ఓడినట్టు, ఇక బతికినన్నాళ్లూ ఆ గోదాలో వాడికి చోటుండదు. మా తాత పెట్టిన నియమం. చల్లింది ఆడదైతే చెల్లదని చెప్పడానికి ఆ ముసలాయనకి తోచలేదు. నూనె రాసిన ఒంటి మీద మట్టి అతుక్కుపోయి ఉంది.

"దిగండి," అంది ప్రణాళీ. "దిగి వీణ్ని ఎత్తుకోండి. సోమవారం ఆసుపత్రికి మీరే ఎత్తుకుని, ఈ వీధిలోంచే, అందరూ చూస్తుండగా రావాలి. రాలేరంటే దులుపుకోండి. నేను వెళ్లిపోతాను, వీడికి తండ్రి లేడనుకుంటాను."

"చెల్లదు... ఆడది..." అని పోపట్ ఏదో నసిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. వాదనలు పెట్టుకున్న పహిల్వాన్లు ఇప్పుడు సంగ్రామ్ ఛాతీ వంకే చూస్తున్నారు.

"దులిపెయ్యరా!" అని మా అన్న గర్జించాడు. "దులిపెయ్! నేనున్నాను, నీ చోటు ఎక్కడికీ పోదు. దులిపెయ్!"

సంగ్రామ్ తల వంచి ఒంటి మీది మట్టిని చూసుకున్నాడు. తర్వాత అతని కుడిచెయ్యి ఛాతీ మీదికి లేచింది. దులపడానికో, ఆ మట్టిని అలాగే అదిమి పట్టడానికో, వచ్చే వారం చెబుతాను.